సమస్య: "పడమటను సూర్యుఁ డుదయించె భాగ్యపురిని"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులోని పాదం. దీనితో ముగిసేలా ముందు మూడు పాదాలు మీరు రాయాలి. కలలో కనబడిందనో, మతి తప్పినవాడు అన్నాడనో చెప్పి దాటవేయవద్దు. గాజు మేడల్లో నగరం ప్రతిబింబాన్ని ఫొటో తీసేవారు కళ్లారా చూసిన దానితోనే పూరించాలి. నాకు ఈ పాదం తట్టింది దుర్గం చెరువు తీగల వంతెన మీద, జూబ్లీహిల్స్ వైపు కొసన. 2020లో వంతెన తెరిచినప్పటి నుంచి పొద్దున్నే అక్కడికి వెళ్లడం అలవాటైంది. సూర్యుడు వీపు వెనక, పడమటి గాజు మేడలు ఎదుట.

వెలుగునీడ:

తూర్పు వెలుఁగులు గాజుపైఁ దొణకు వేళ
కెమెర చేఁబట్టి వీధిలోఁ గీలుకొనఁగ
నెదుటి మేడలో నెఱ్ఱనై యెగసి వెలిఁగి
పడమటను సూర్యుఁ డుదయించె భాగ్యపురిని.

రాయదుర్గంలో తీసిన ఫొటోకు రాసుకున్నాను. లెన్సు ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తీసేసి తీశాను.

నిర్వాహకుడు: గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే జత అక్షరాలు) చక్కగా కుదిరాయి. 'ఎగసి' దగ్గర మొదట ఆగాను. కానీ నిలువు అద్దంలో సూర్యుడి ఎత్తు మారదు కదా, తూర్పున ఎంత పైకి వస్తే బింబమూ అంతే పైకి వస్తుంది. మాట నిలుస్తుంది. 'ఎఱ్ఱనై' మాత్రం ఎవరైనా అనగలిగిన మాట. గాజు మేడలో సూర్యుడు ఒక్కడుగా ఉండడు. పలకలన్నీ ఒకే తలంలో కూర్చోవు. పైగా రెండు పొరల మధ్య బిగించిన గాలి ఎండకు వ్యాకోచిస్తే పలక ఉబ్బుతుంది. ఒక పలకలో గుడ్డు సొనలా సాగినవాడు పక్క పలకలో సగానికి తెగిపోతాడు. మీ ఫొటోలో ఆ ముక్కలు ఉండే ఉంటాయి.

వెలుగునీడ: ఉన్నాయి! 'నెదుటి మేడలో ముక్కలై యెగసి వెలిఁగి' అని మారుస్తున్నాను. మొదటి పది ఫొటోలూ పాడయ్యాయి. ఫోకస్ గాజు మీది దుమ్మును పట్టుకుంది. వస్తువు గాజుకు ఎంత ముందు ఉంటే బింబం అంత వెనక ఉంటుంది, ఫోకస్ అక్కడికి పోవాలి. సూర్యుడికైతే అనంతానికే.

పద్యాభిలాషి: పోలరైజర్ ఎందుకు తీసేశారు?

వెలుగునీడ: మామూలు గాజు నుంచి, లంబానికి సుమారు 56 డిగ్రీల కోణంలో తిరిగివచ్చే వెలుగును అది దాదాపుగా మింగేయగలదు. నగరం మాయమై లోపలి కుర్చీలు కనబడతాయి.

పద్యాభిలాషి: నా ప్రయత్నం:

ఐటి మేడల యద్దాల యంచులందు
రంగురంగుల చిత్రాలు రహినిఁ గదల
నీలిమబ్బులు గోడపైఁ బాఱు వేళ
పడమటను సూర్యుఁ డుదయించె భాగ్యపురిని.

నిర్వాహకుడు: మూడో పాదంలో యతి తప్పింది, 'నీ'కి 'బా' కుదరదు. రెండో పాదంలో 'రహిని' యతి కోసం తెచ్చిన మాట. అంతకంటే పెద్ద లోపం, ఏ చిత్రాలో చెప్పలేదు. 2019 నవంబరు నుంచి మెట్రో రాయదుర్గం దాకా వస్తోంది, ఆ రైళ్లనే పద్యంలోకి రానివ్వండి: 'రాయదుర్గపు మెట్రోలు రాఁగఁ బోఁగ'. మూడో పాదం చివర 'నిలుచు వేళ' అంటే యతి కుదురుతుంది.

పద్యాభిలాషి: మెట్రో పాదం సంతోషంగా తీసుకుంటాను. కానీ మబ్బు కదులుతోంది కదండీ, నిలుచు అంటే అబద్ధం కాదా?

వెలుగునీడ: కంటికి కదులుతుంది. ఫొటోలో నిలుస్తుంది. ఆ మాట ఉంచండి.

పిట్టగోడ: నాకు కెమెరా లేదు, ఫోనే.

గగనమనుకొని యద్దానఁ గలసి పోవ
గువ్వ యొక్కటి ముక్కుతోఁ గొట్టుకొనియె;
నేమి నమ్మునో యది పాప మిట్టి చోట!
పడమటను సూర్యుఁ డుదయించె భాగ్యపురిని.

మా ఆఫీసు ఏడో అంతస్తులో నిన్న ఉదయం జరిగింది. గాజు మీద రెక్కల పొడి ముద్ర ఇంకా ఉంది, ఈకల అంచులతో సహా.

నిర్వాహకుడు: మూడో పాదంలో 'ఏమి', 'ఇట్టి' మాటల ఏ–ఇ అచ్చుల జత, అంటే స్వరయతి, నిర్దోషం. అద్దాన్ని పొగడకుండా అద్దం చేసిన పని చెప్పిన పద్యం ఇది. సమస్యలోని వింత అలాగే ఉండి, మనకు కాక ఆ గువ్వకు ఎదురైంది. నేను ఇచ్చిన పాదంలో ఇంత ఉందని నాకే తెలియదు. ఆ ముద్రను ఫొటో తీశారా?

పిట్టగోడ: తీశాను. ఫోకస్ గాజు మీదే పెట్టాను.