ఒకేసారి మానెయ్యాలా, మెల్లమెల్లగా తగ్గించుకోవాలా? 3 రోజుల ఉద్యోగంలో 14 నెలల తర్వాత

మూడురోజులమనిషి:
ముందే చెప్తున్నా, పోస్ట్ పొడుగు. నాకు 53. 28 ఏళ్లు ఫుల్‌టైమ్ చేసి పోయినేడాది వారానికి 3 రోజులకి దిగా, సోమ మంగళ బుధ. ఇలాగే లాగించి 55కి పూర్తిగా ఆపేద్దామని ప్లాన్. మా పాత టీమ్‌లో ఒకాయన అదే టైమ్‌కి ఒక్కసారిగా మానేశాడు, ఎప్పుడు కలిసినా "నీది రెండు పడవల మీద కాళ్లు, సగం జీతానికి మొత్తం చాకిరీ" అంటాడు. అందులో సగం నిజం ఉంది కాబట్టే వింటుంటే ఒళ్లు మండుతుంది.

మొదట్లో గురువారం అంటే సెలవు కాదు, ఫోన్ చూసుకునే రోజు. "ఒక్క నిమిషం సార్" అని మొదలయ్యేది, పూట గడిచిపోయేది. తప్పు వాళ్లది కాదులెండి, ఎత్తింది నేనేగా, ఎత్తకపోతే నేను లేకుండా కూడా పని జరిగిపోతుందేమో అని లోపల గుబులు. ఓ గురువారం పంతం పట్టి ఫోన్ బీరువాలో బట్టల కింద పడేశా. సాయంత్రం తీసి చూస్తే ఒకే ఒక్క మిస్డ్ కాల్, అదీ లోన్ కావాలా అని అడిగేవాళ్లది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిజంగా.

ఇంతకీ నేననేది ఏంటంటే ఆ దెబ్బ నాకు ఉద్యోగం ఉండగానే తగిలింది, సోమవారం వెళ్లడానికి ఒక కుర్చీ ఉంది. ఒకేసారి మానేసినవాళ్లకి అదే దెబ్బ వెనక్కెళ్లే దారి మూసుకుపోయాక తగుల్తుంది. మీరేమంటారు?

ఒక్కవేటు:
నేను ఒప్పుకోనండి. 50కి ఒకేసారి మానేశా. మీరు 3 రోజులే పని అంటున్నారు గానీ మిగతా 4 రోజులూ వాటి చుట్టూనే తిరుగుతుంటాయి. ఆదివారం సాయంత్రం కడుపులో ఆ బరువు ఇంకా ఉందా లేదా, అది చెప్పండి ముందు.

నాకు తేలిగ్గా అయిపోయిందని అబద్ధం చెప్పను. మొదటి 5 నెలలు నరకం. తెల్లారి 5:40కి అలారం లేకుండానే మెలకువ వచ్చేసేది, అలవాటుగా ఇస్త్రీ షర్ట్ తీసేవాణ్ణి, చేతులు కూడా దూర్చాక గుర్తొచ్చి మళ్లీ హ్యాంగర్‌కి తగిలించేవాణ్ణి. ఏదో ఫారం నింపుతుంటే "వృత్తి" అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది, చివరికి ఖాళీగా ఇచ్చా. కానీ ఆ 5 నెలలు అయిపోయాయి, దాంతో సరి. మీరు అదే బాకీని 14 నెలలుగా వాయిదాల్లో కడుతున్నారు, వడ్డీతో సహా.

లెక్కలపిచ్చి:
మనసు సంగతి మీరిద్దరూ చూసుకోండి, నేను లెక్క చెప్తా. అందరూ పట్టుకు తిరిగే 4% రూల్ 1994లో విలియం బెంగెన్ అనే ఫైనాన్షియల్ ప్లానర్ చెప్పింది, మానేసిన మొదటి ఏడాది, అప్పటిదాకా దాచుకున్నదాంట్లో 4% తీసుకో, ఆ తర్వాత ధరలు పెరిగినంత పెంచుకుంటూ పో అని. అది అమెరికా మార్కెట్ పాత లెక్కలు చూసి, 30 ఏళ్లు డబ్బు సరిపోవాలని వేసిన లెక్క. 50కి మానేసేవాళ్లకి 30 ఏళ్లు ఏం సరిపోతాయి?

అసలు భయం మొదటి ఏడాది రెండేళ్లలో, ఆ దాచుకున్నది పెట్టిన షేర్ మార్కెట్ పడటం. 100 ఉందనుకోండి, 4 తీశారు, మిగిలిన 96 మీద 30% పడితే చేతిలో 67. వచ్చే ఏడాది అదే 4 తీస్తే అది దాదాపు 6%. అదే సగం ఖర్చు జీతంలోంచి వెళ్తుంటే తీసేది 2 మాత్రమే, పడ్డాక కూడా 68 పైన ఉంటుంది, రెండో ఏడాది తీసే 2 దాంట్లో 3% కూడా కాదు. అంటే 3 రోజుల జీతం చిన్నదే అయినా పడేది సరిగ్గా అవసరమైన చోట. ధరలు ఏడాదికి 6% పెరిగితే 12 ఏళ్లకి ఖర్చు రెట్టింపు, 50లో ఉన్న ఖర్చు 86 వచ్చేసరికి 8 రెట్లు. ఒక్కవేటు గారూ, ఇది వేసుకునే మానేశారా?

ఒక్కవేటు:
వేసుకున్నానండి, అందుకే అనుకున్నదానికంటే 3 ఏళ్లు ఎక్కువ చేసి మానేశా. అది మాత్రం ఎవరూ అడగరు.

నైట్‌డ్యూటీ:
మీ గొడవ చదువుతుంటే నవ్వొస్తోంది. నేను నర్సుని, మా వార్డులో సగం ఉద్యోగం అనే మాటే లేదు, ఉంటే 12 గంటల షిఫ్ట్, లేదంటే ఇంటికి. నాకు తగ్గించుకోవడం అంటే నైట్‌లు వదిలించుకోవడమే, దానికే 2 ఏళ్లు అడగాల్సొచ్చింది.

ఇంకోటి, ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నా. కొన్నిచోట్ల పెన్షన్ చివరి జీతం మీద లెక్కగడతారు. అలాంటి చోట చివరి రెండేళ్లు సగం జీతానికి దిగితే బతికినన్నాళ్లూ వచ్చే పెన్షన్‌కే కోత పడొచ్చు. ఇన్సూరెన్స్ కూడా ఫుల్‌టైమ్ వాళ్లకే ఇచ్చే చోట్లున్నాయి. సంతకం పెట్టేముందు రూల్స్ చదువుకోండి బాబూ, పక్కసీటు ఆయన చెప్పింది కాదు.

మూడురోజులమనిషి:
నర్సు గారూ థాంక్స్, నాది జీతంలోంచి కోసి దాచే రకం కాబట్టి బతికిపోయా, కానీ చూసుకోకుండానే దిగానని ఒప్పుకుంటున్నా. ఒక్కవేటు గారూ, ఆదివారం బరువు ఉంది. తగ్గింది గానీ ఉంది.

ఒక్కవేటు:
సరే ఇంకొక్కటి చెప్పండి. 55కి ఆపేస్తా అన్నారు, ఆ తేదీ కాయితం మీద ఎవరికైనా ఇచ్చారా?

మూడురోజులమనిషి:
లెటర్ రాశా. డ్రాఫ్ట్స్‌లో ఉంది.

ఒక్కవేటు:
ఎన్నాళ్ల నుంచి?

మూడురోజులమనిషి:
6 వారాలు. రేపు గురువారం కదండీ, నాకు సెలవు. సోమవారం పంపిస్తా.