రాజీనామా: ఒప్పంద పత్రమా, పదవి వదులుకోవడమా?

పాతపెట్టె: మా తాత పెట్టెలో ఒక ఉర్దూ కాగితం దొరికింది. చదివించుకుంటే పైన ‘రాజీనామా’ అని ఉందన్నారు. తాత ఏ కొలువు మానేశాడా అని ఇంట్లో అందరం ఆలోచించాం. తీరా చూస్తే, బావి నీళ్ల కోసం కొట్లాడుకున్న అన్నదమ్ములు తగాదా తీర్చుకుని రాసుకున్న కాగితం! రాజీ అరబీ మాట, సమ్మతించినవాడని అర్థం. నామా అంటే ఫారసీలో పత్రం. వీలునామా, పంచనామాల్లో ఉన్నదీ అదే. సమ్మతి పత్రాన్ని పట్టుకుని మనం ఉద్యోగం మానేసే ఉత్తరం చేశాం. ఇది తప్పు వాడకం. పదవీత్యాగం అంటే సరిపోదా?

ఏటిఒడ్డు: తప్పు అనకండి. మరాఠీ, గుజరాతీ, కన్నడం, తమిళంలోనూ రాజీనామా అంటే పదవి వదలడమే. మలయాళంలో నామా కూడా రాలిపోయి ‘రాజి’ మిగిలింది. హిందీ, ఉర్దూల్లో మాత్రం ఇస్తీఫా అంటారు. బ్రిటిష్ కాలపు బొంబాయి ప్రెసిడెన్సీ రైత్వారీలో, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలో, భూమి వదులుకునే రైతు సర్కారుకు రాసిచ్చేది రాజీనామా, ఆ భూమిని తీసుకునేవాడు రాసేది కబూలియత్ (ఒప్పుకోలు పత్రం). ‘నా ఇష్టంతో వదులుకుంటున్నాను’ అనే ఆ కాగితమే పొలం నుంచి పదవికి పాకిందని నా నమ్మకం.

పాతపెట్టె: వదులుకోవడానికి ఒక్కడు చాలు, రాజీకి ఇద్దరు కావాలి. ‘రాజీ మార్గమే రాజమార్గం’ అని లోక్ అదాలత్ బ్యానర్ల మీద చూడలేదా?

తరగతిగది: పదవి విషయంలోనూ రెండో మనిషి ఉన్నాడండీ. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ ఏడాదే తమిళనాట అరియలూరు రైలు ప్రమాదం తర్వాత మళ్లీ ఇస్తే ఒప్పుకున్నారు. ఎమ్మెల్యే రాజీనామాను స్పీకర్ ఆమోదించాలి. అది స్వచ్ఛందం కాదని తేలితే ఆమోదించకూడదని 1974లో రాజ్యాంగానికి 33వ సవరణ తెచ్చారు. రాజీ అన్న మాట అర్థం చట్టంలో ఇంకా బతికే ఉంది.

ఏటిఒడ్డు: హైకోర్టు జడ్జి రాజీనామాకు మాత్రం ఎవరి ఆమోదమూ అక్కర్లేదు. కాబట్టి ఇద్దరు కావాలన్నది అన్నిచోట్లా నిలవదు. ఇష్టం ఉండటం ఒక్కటే అన్నిటికీ ఉమ్మడి.

పాతపెట్టె: సరే, ‘తప్పు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇష్టం లేకుండా రాయించుకున్నదాన్ని మాత్రం రాజీనామా అనను.

రాత్రిబస్సు: నేనూ అదే చెప్పాలని వచ్చాను. రెండేళ్ల కింద మా ఆఫీసులో ఒక గదిలో కూర్చోబెట్టి నా చేత సంతకం పెట్టించుకున్నారు. ‘నా ఇష్టపూర్వకంగా’ అని ముందే టైపు చేసి ఉంది. టెన్షన్‌లో చదవకుండానే పెట్టేశాను. ఇంటికొచ్చాక అమ్మ ‘రాజీనామా ఇచ్చావా?’ అని అడిగితే, ‘ఇవ్వలేదు, తీసుకున్నారు’ అన్నాను.