రిఫండ్ ఆలస్యమైతే 6 శాతం, మనం ఆలస్యం చేస్తే 12 శాతం: ఇది న్యాయమేనా?

వైట్‌ఫీల్డ్ రమణ:
దేశం మొత్తం వేసే ఐటీ రిటర్నులు ప్రాసెస్ అయ్యే సీపీసీ మన బెంగళూరులోనే ఉంది. అందుకేనేమో, ఇక్కడ నలుగురు తెలుగు ఉద్యోగులు కలిస్తే మాట రిఫండ్ మీదికి పోతుంది. "వడ్డీ కూడా పడింది" అని కొందరు బహుమతి వచ్చినట్టు చెప్తుంటే నాకు మింగుడుపడదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 244ఎ సెక్షన్ ప్రకారం అది మన హక్కు. అడగకపోయినా ఇవ్వాల్సిందే.

నా గొడవ రేటు గురించి. రిటర్ను గడువులోపు వేస్తే టీడీఎస్ (జీతంలోనో బిల్లులోనో ముందే కోసే పన్ను) రిఫండ్‌కి ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం, అంటే ఏడాదికి 6 శాతం ఇస్తారు. 48,000 రూపాయలు ఫిబ్రవరిలో చేతికొస్తే 11 నెలలకు 2,640. అదే 48,000 అడ్వాన్స్ టాక్స్ (ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టాల్సిన పన్ను) మనం కట్టకుండా ఉండి, అందుకు వడ్డీ వేసే 234బి సెక్షన్ వర్తిస్తే నెలకు 1 శాతం, అంటే 5,280. డబ్బు అంతే, కాలం అంతే. రెండు రేట్లూ ఒకటే ఉండాలి.

జయనగర్ శేషు:
రమణ గారూ, నేను ఒప్పుకోను. పన్ను బాకీ పెట్టడం చట్టం ప్రకారం తప్పు, రిఫండ్ రావడం ఎవరి తప్పూ కాదు. పైగా జీతగాళ్ల రిఫండ్లలో చాలావరకు మన చేతులారా వచ్చేవే. ఆఫీసులో ప్రూఫులు అడిగితే అద్దె రసీదులు ఇవ్వం, ఎల్ఐసీ కాగితాలు ఇవ్వం. మార్చి జీతంలో టీడీఎస్ బాగా కోస్తారు, తర్వాత రిఫండ్ కోసం టెన్షన్ పడతాం. 12 శాతం ఇస్తే కావాలనే ఎక్కువ కోయించుకునేవాళ్లు బయల్దేరతారు. ఏ బ్యాంకు ఎఫ్‌డీలో వస్తుంది అంత? ఆ భారం మోసేది మిగతా పన్నుదారులే.

కేఆర్‌పురం సుజాత:
శేషు గారూ, జీతగాళ్ల సంగతి సరే. నేను ఆర్కిటెక్ట్‌ని, సొంత ప్రాక్టీసు. ప్రతి బిల్లులో క్లయింటు టీడీఎస్ కింద 10 శాతం పట్టుకునే మిగతాది ఇస్తాడు. ఖర్చులు పోగా నా పన్ను అంత ఉండదు. నేను ఎవరికి ఏ ప్రూఫు ఇవ్వాలి? ఆ డబ్బు చేతిలో ఉంటే డ్రాఫ్ట్స్‌మన్ జీతానికి ఓవర్‌డ్రాఫ్ట్ వాడక్కర్లేదు. ఓవర్‌డ్రాఫ్ట్ 6 శాతానికి ఎవరిస్తారండీ?

సీఏ భార్గవి:
రేటు కంటే పెద్ద అన్యాయం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. తేలిన పన్నులో 10 శాతం కంటే రిఫండ్ తక్కువైతే వడ్డీ పైసా రాదు. పన్ను 3,20,000, రిఫండ్ 28,000 అనుకోండి. ఎన్ని నెలలు ఆగినా సున్నాయే. ఇక రిటర్ను గడువు దాటాక వేస్తే వడ్డీ ఏప్రిల్ నుంచి కాదు, వేసిన రోజు నుంచే. సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ (రిటర్నుకి ముందు లెక్క చూసుకుని మనమే కట్టే మిగతా పన్ను) అయితే కట్టిన తేదీ, రిటర్ను వేసిన తేదీలలో ఏది తర్వాతదైతే అక్కడి నుంచి.

హక్కా కాదా అన్న ప్రశ్న తేలిపోయిందే. హక్కు లేకుండా అట్టిపెట్టుకున్న డబ్బుకి వడ్డీ ఇవ్వాల్సిందేనని 2014లో టాటా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చట్టంలో రాసిన వడ్డీ మాత్రమే, దాని మీద మళ్లీ వడ్డీ అడగకూడదని 2013లో గుజరాత్ ఫ్లోరో కేసులో తేల్చేసింది. కాబట్టి రేటు పెరగాలంటే పార్లమెంటులోనే పెరగాలి.

వైట్‌ఫీల్డ్ రమణ:
భార్గవి గారూ, థాంక్స్. శేషు గారూ, ఎఫ్‌డీ మాట విన్నాను. మొదటి రోజు నుంచి 12 వద్దు. కానీ అప్పీలు ఆర్డరుని ఐటీ శాఖ గడువులోగా అమలు చేయకపోతే 2016 నుంచి అదనంగా 3 శాతం ఇస్తున్నారు కదా. అంటే ఆలస్యం వాళ్ల వైపు ఉంటే రేటు పెంచవచ్చని చట్టమే ఒప్పుకుంది. మామూలు రిటర్నుకి మాత్రం, 2025 ఆగస్టులో వేస్తే ప్రాసెస్ చేయడానికి 2026 డిసెంబరు 31 దాకా టైము పెట్టుకున్నారు. రిటర్ను వేసి ఆర్నెల్లు దాటాక అయినా 9 శాతం ఇవ్వొచ్చు కదా?

జయనగర్ శేషు:
ఆర్నెల్ల తర్వాత 9 అంటే నాకు అభ్యంతరం లేదు. అయితే నోటీసుకి జవాబు ఇవ్వకుండా మనం నాన్చిన కాలాన్ని తీసేయాలి. ఆ నిబంధన ఇప్పటికే ఉంది, దాన్ని కదపకూడదు. భార్గవి గారు చెప్పిన ఆ 10 శాతం నియమం మాత్రం ఎత్తేయాల్సిందే, అందులో ఆవిడతో నేనూ ఉన్నాను.

కేఆర్‌పురం సుజాత:
భార్గవి గారూ, వడ్డీ సరిగ్గా వేశారో లేదో ఎక్కడ చూడాలి?

సీఏ భార్గవి:
రిటర్ను ప్రాసెస్ అయ్యాక సీపీసీ పంపే 143(1) ఇంటిమేషన్ తెరవండి. రిఫండ్ మొత్తం కింద 244ఎ వడ్డీకి వేరే వరుస ఉంటుంది. నెలలో కొద్ది రోజులే అయినా పూర్తి నెలగా లెక్కకట్టాలి. తక్కువ వేశారనిపిస్తే 154 సెక్షన్ కింద రెక్టిఫికేషన్ (తప్పు సరిదిద్దమనే అర్జీ) పెట్టండి. వచ్చిన వడ్డీని ఆ ఏడాది ఇతర ఆదాయంలో చూపించడం మర్చిపోకండి, దానిమీద పన్ను ఉంది.