పాత జేబు పిస్తోళ్ల నకళ్లు: ఏవి అసలుకు నిజంగా దగ్గరగా ఉంటాయి?

ప్రశ్న (ఓహైయో వాసి)

అందరికీ నమస్కారం. నేను కొలంబస్‌లో ఉంటాను. తుపాకీ కాల్చాలన్న సరదా నాకు లేదు. పంతొమ్మిదో శతాబ్దపు చిన్న యంత్రాలంటే మాత్రం చెప్పలేనంత ఇష్టం. జేబు గడియారాలు సేకరిస్తూ సేకరిస్తూ జేబు పిస్తోళ్ల వైపు మళ్లాను. వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో, లింకన్‌ను కాల్చిన డెరింజర్ అనే చిన్న పిస్తోలును అద్దం వెనుక చూసినప్పుడు, అరచేతిలో ఇమిడిపోయే ఆ వస్తువులో ఎంత పనితనం ఉందో గమనించి ఆశ్చర్యపోయాను. అసలైనది కొనే స్తోమత నాకు లేదు కనుక ఇటలీలో తయారయ్యే నకళ్ల గురించి ఆరా తీస్తున్నాను. అమ్మేవారంతా తమది అచ్చం పాతదానిలాగే ఉంటుందని చెబుతున్నారు. ఆ మాట ఏ నమూనా విషయంలో నిజం, ఏ నమూనా విషయంలో కాదు? ఇంకొక సంగతి, విజయవాడలో ఉన్న మా అన్నయ్య చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయ్యారు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి ఆయనకూ ఒకటి తీసుకువెళ్లవచ్చునా?

జవాబు (పాతలోహం)

మీరు చూసిన పిస్తోలు హెన్రీ డెరింజర్ (1786–1868) ఫిలడెల్ఫియా కార్ఖానాలో తయారైనది. పొడవు ఆరు అంగుళాలకు కొంచెం తక్కువ, బరువు దాదాపు అర పౌను. ఒక్కటే గుండు, అది కూడా మూతి వైపు నుంచి నింపాలి. 1865 ఏప్రిల్ 14 రాత్రి లింకన్ హంతకుడు బూత్ ఒక్కసారి కాల్చి, పిస్తోలును అక్కడే వదిలేసి, అడ్డుపడిన మేజర్ రాత్‌బోన్‌పై కత్తి దూయవలసి వచ్చింది అందుకే.

నకళ్ల చరిత్ర మనం అనుకునేంత కొత్తది కాదు. డెరింజర్ బతికుండగానే ఆయన దగ్గర పనిచేసినవారు కొందరు బయటికి వచ్చి స్లాటర్ అండ్ కంపెనీ పేరుతో అదే ఆకారంలో పిస్తోళ్లు చేశారు. పైగా జాన్ డెరింజర్ అనే ఒక దర్జీని వెతికి పట్టుకుని, ఆయన పేరును అడ్డం పెట్టుకుని, వాటి మీద ‘జె. డెరింజర్’ అని ముద్ర కొట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి సరుకు అమ్మిన ప్లేట్ అనే వ్యాపారి మీద డెరింజర్ వేసిన దావా కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ట్రేడ్‌మార్క్ చట్టం చదివేవారికి ఆ కేసు ఇప్పటికీ పరిచయమే. మ్యూజియంలోని పిస్తోలు కూడా అనుమానం నుంచి తప్పించుకోలేదు. 1960లలో దొంగలు దానిని ఎత్తుకుపోయి నకలు పెట్టారన్న పుకారు లేవడంతో 1997లో ఎఫ్‌బీఐ ప్రయోగశాల దానిని పరీక్షించింది. 1930లలో తీసిన ఫొటోలలో కనిపించే చెక్క చారల సుడులతో పోల్చి, ఇది అసలుదేనని తేల్చింది. లోహాన్ని ఎవరైనా అచ్చు దించగలరు గాని, ఆ వాల్‌నట్ ముక్కలోని చారలను మాత్రం దించలేరు.

మీ మొదటి ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. అసలు వస్తువు ఎంత ఎక్కువగా యంత్రం మీద తయారైతే నకలు అంతగా అసలుకు దగ్గరవుతుంది. ఎంత ఎక్కువగా చేతిపని అయితే అంత దూరం జరుగుతుంది. ఈ లెక్కన ఫిలడెల్ఫియా డెరింజర్ నకళ్లు నాకు అన్నిటికంటే తక్కువ తృప్తినిస్తాయి. అసలుదానిలో సుత్తిని ముందుకు తోసే స్ప్రింగు సుత్తికి వెనుక ఉంటుంది. అందుచేత లాక్‌ప్లేటు (పేల్చే యంత్రాంగాన్ని మోసే లోహపు పలక) తోక పిడిలోకి సన్నగా దిగుతుంది, పనివాడు చెక్కను దాని చుట్టూ వెంట్రుక దూరనంత బిగువుగా తొలిచి కూర్చుతాడు. అమరికలు జర్మన్ సిల్వర్‌వి (వెండిలా కనిపించే రాగి, నికెల్, జింకు మిశ్రమం), పిడి మీది గళ్ల చెక్కడం చేత్తో చేసింది. నకలులో ముందుగా ఈ చోట్లే చూడండి. ప్లేటు అంచు వెంట సందు కనిపిస్తే, జర్మన్ సిల్వర్ స్థానంలో ఇత్తడి మెరుస్తుంటే, ఆకారం ఎంత సరిపోయినా ఆ వస్తువు చేతిలో వేరేగా అనిపిస్తుంది.

బెల్జియంలోని లీజ్ నగరపు పిస్తోలు ఇందుకు భిన్నం. దాని ముస్తాబంతా యంత్రాంగంలోనే ఉంది. గొట్టం మర తిప్పితే ఊడి వస్తుంది. ట్రిగ్గర్ కింద కవచం ఉండదు, ట్రిగ్గరే లోపలికి మడిచి ఉండి, సుత్తిని వెనక్కి లాగినప్పుడు మాత్రమే కిందికి దిగుతుంది. కోటు జేబులో గుడ్డకు చిక్కుకోకుండా చేసిన ఏర్పాటు అది. ఇటలీలో గార్డోనే వాల్ ట్రోంపియాలోని పెడెర్సోలి సంస్థ చేసే లీజ్ నమూనాలో ఆ కదలిక చక్కగా కుదిరింది. గడియారాలు ఇష్టపడేవారికి నేను మొదట చూపించేది దీనినే.

అయితే అసలుకు దగ్గరగా ఉండడంలో ముందుండేది ఉబెర్టి అనే ఇటలీ సంస్థ తయారు చేసే 1849 కోల్ట్ పాకెట్ రివాల్వరు. అసలుది 1850 నుంచి 1873 వరకు మూడు లక్షలకు పైగా, యంత్రాల మీద, విడిభాగాలుగా తయారైంది. .31 క్యాలిబరు, అంటే గొట్టం లోపలి వెడల్పు అంగుళంలో 0.31 వంతు. సిలిండర్ చుట్టూ కనిపించే గుర్రపుబండి దోపిడీ దృశ్యాన్ని ఆనాడు కూడా ఒక్కొక్కదాని మీద చేత్తో చెక్కలేదు, ఉక్కు రోలరుతో ఒత్తారు. ఈనాటి నకలులోనూ ఒత్తుడు పనే కనుక తేడా చాలా తక్కువ. తేడా తెలిసేది మూడు చోట్ల: మరమేకుల చుట్లు మెట్రిక్ కొలతలో ఉంటాయి, ఇనుముకు బదులు ఆధునిక ఉక్కు ఉంటుంది, పిడి మీద ఎర్రటి వార్నిష్ దట్టంగా ఉంటుంది. ఆ వార్నిష్ నాకు ఎప్పుడూ నచ్చలేదు.

జవాబు (టెక్సస్ మామయ్య)

పైన చెప్పినవన్నీ బాగున్నాయి. వార్నిష్ తీసేసి లిన్‌సీడ్ నూనె పట్టించడం కష్టమైన పని కాదు. అంతర్యుద్ధ ఘట్టాలను ప్రదర్శించే బృందాలవారు ఇంకొక అడుగు ముందుకు వేసి, గొట్టం మీద ఉన్న ఇటాలియన్ అక్షరాలను, ముద్రలను ఆకురాయితో అరగదీసి, మళ్లీ రంగు పట్టిస్తారు. నా దగ్గర అలా చేసినది ఒకటి ఉంది. రెండు గజాల దూరం నుంచి చూస్తే పాతదే అనుకుంటారు. మీరు కోరుకునేది అచ్చమైన రూపమే అయితే ఈ పద్ధతిని పరిశీలించవచ్చును.

జవాబు (పాతలోహం)

మామయ్య గారూ, వార్నిష్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, ముద్రల విషయంలో ఏకీభవించలేను. ఇటలీలో తయారైన ప్రతి తుపాకీ గార్డోనేలోని ప్రభుత్వ పరీక్షాశాలలో ఒత్తిడి పరీక్షకు నిలబడిన తరువాతే బయటికి వస్తుంది. ‘పీఎన్’ అన్న ముద్రకు అర్థం నల్ల తుపాకిమందుతో పరీక్షించామని. పక్కన చిన్న చతురస్రంలో సంవత్సరపు సంకేతం ఉంటుంది: 1954కు రోమన్ పది, 1964కు ఇరవై, 1974కు ముప్ఫై, 1975 నుంచి ‘ఏఏ’తో మొదలయ్యే అక్షరాల జంటలు. లీజ్ నగరానిదీ ఇదే సంప్రదాయం. అక్కడి పాత పిస్తోళ్ల మీద కోడిగుడ్డు ఆకారపు గీతలో ‘ఈఎల్‌జీ’ అని, కింద నక్షత్రం ఉంటాయి. 1893 తరువాతివాటికి పైన కిరీటం చేరింది. అంటే ఆ కాలపు వస్తువుకూ ముద్రలు ఉన్నాయి. నకలు మీది ముద్రలు దాని సొంత పుట్టుక పత్రం. మీరు అరగదీసిన పిస్తోలును మీరు ఎవరికీ పాతదని చెప్పరని నాకు తెలుసు. మీ తరువాత అది ఎస్టేటు వేలంలో ఎవరి చేతికి వెళుతుందో, వారు ఏమని చెప్పి అమ్ముతారో మీ చేతిలో ఉండదు. అలాంటి సరుకు వేలాలలో ఇప్పటికే కావలసినంత తిరుగుతోంది.

జవాబు (హైదరాబాద్ వకీలు)

మీ అన్నయ్యగారికి తీసుకువెళ్లే విషయం మాత్రం తేలికగా తీసుకోకండి. అమెరికాలో 1968 నాటి ఫెడరల్ చట్టం 1898లోగానీ అంతకు ముందుగానీ తయారైనవాటిని, ఆధునిక తూటా పట్టని వాటి నకళ్లను పురాతన వస్తువులుగా చూస్తుంది (రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చును, మీ రాష్ట్రానివి విడిగా చూసుకోండి). ఆ వెసులుబాటును మనసులో పెట్టుకుని భారతదేశానికి బయలుదేరితే చిక్కుల్లో పడతారు. మన 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను పాతకాలపు నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ గలవాటికి మినహాయింపు ఇస్తుంది గాని, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలన్న షరతు దానికి తగిలించి ఉంది. నిన్న మొన్న ఇటలీలో తయారై, చక్కగా పేలగలిగే నకలు ఆ షరతును ఏ విధంగానూ దాటలేదు. అది తుపాకీయే. 10వ సెక్షను ప్రకారం దిగుమతికి లైసెన్సు ఉండాలి. లోపల గొట్టాన్ని మూసేసి తెస్తాను అనేవారు 6వ సెక్షను కూడా చదవాలి. లైసెన్సు లేకుండా అనుకరణ తుపాకీని పేలే తుపాకీగా మార్చడం అక్కడ నిషిద్ధం, కాబట్టి తిరిగి తెరవడానికి వీలున్న ఏ ఏర్పాటూ అధికారులకు నచ్చదు.

స్పెయిన్‌లోని మెనోర్కా ద్వీపంలో డెనిక్స్ అనే సంస్థ జింకు మిశ్రమంతో, అసలు పేలే అవకాశమే లేని ప్రదర్శన నమూనాలు పోతపోస్తుంది. బీరువాలో పెట్టడానికి అవి చాలు. వాటిని కూడా చేతిసంచిలో పెట్టుకుని విమానం ఎక్కబోకండి. సామానులో వేసే ముందు విమాన సంస్థను, ఇక్కడి కస్టమ్స్‌ను రాతపూర్వకంగా అడిగి, జవాబు దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు (ఓహైయో వాసి)

అందరికీ ధన్యవాదాలు. అన్నయ్యకు జింకు నమూనా గురించి రాస్తాను, కస్టమ్స్ జవాబు వచ్చాకే కొంటాను. నా వరకు 1849 కోల్ట్ మీదికి మనసు పోయింది. ఆన్‌లైన్‌లో ఒకటి కనిపించింది. ‘1860ల నాటి అసలుది, మరమ్మతు చేయించినది’ అని వివరణ ఉంది, ధర కూడా దానికి తగినట్టే ఉంది. ఫొటోలో ఫ్రేము కుడివైపున చిన్న గడిలో ‘ఎక్స్ ఎక్స్ 9’ అని మసకగా కనిపిస్తోంది. అది మరమ్మతు చేసినవారి గుర్తు కావచ్చునా?

జవాబు (పాతలోహం)

కాదండీ. రోమన్ ఇరవై పక్కన తొమ్మిది అంటే ఇరవై తొమ్మిది, అంటే 1973. ముప్ఫైకి సరిగ్గా ముందు సంవత్సరం. గొట్టం కింద, గుండును దట్టించే మీటను దించితే కనిపించే భాగం ఫొటో పంపమని అమ్మకందారును అడగండి. తయారీదారు ముద్ర చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఫొటో పంపడానికి నిరాకరిస్తే వదిలేయండి. పంపి, ముద్ర కనిపించి, 1973 నకలుకు తగిన ధరకు దిగివస్తే తీసుకోండి, ఆ సంవత్సరపు పనితనం బాగానే ఉంటుంది.