అమ్మకాలు తగ్గిన ఏడాది రైతుకు అదనపు ధర ఇచ్చి తీరాలా?

మెట్టసేద్యం:
శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లిలో టింబక్టూ కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో 2008లో ఏర్పడిన ధరణి వంటి రైతు సహకార సంఘాలు సభ్యుల వద్ద చిరుధాన్యాలు కొని, శుభ్రం చేసి, మర ఆడించి, నగరాలకు పంపుతున్నాయి. ఇటువంటి సంఘాలు సేంద్రియ పంటకు ఇచ్చే అదనపు ధరను అమ్మకాలు తగ్గిన ఏడాది ఆపవచ్చా? ఆపకూడదనే నా అభిప్రాయం. రసాయనాలు మాని, దిగుబడి తగ్గినా ఓర్చుకున్న రైతు మీదే నష్టంలో మొదటి వాటా వేస్తే ఇక సంఘం ఎందుకు?

లెక్కలపద్దు:
మెట్టసేద్యం గారూ, ఉద్దేశాన్ని కాదనను గానీ, కొర్రల లెక్క ఒకసారి వేయండి. పొట్టు, నూకల కింద సుమారు మూడో వంతు పోతుంది కనుక కిలో 40 రూపాయలకు కొన్నామనుకుంటే, మర కూలి కలపకముందే బియ్యం 60 రూపాయలు పడుతుంది. రైతుకు మరో 5 రూపాయలు ఇస్తే బియ్యం మీద ఏడున్నర పెరుగుతుంది. పొట్టు తీసిన బియ్యానికి త్వరగా పురుగు పడుతుంది గనుక కొద్దికొద్దిగా ఆడించుకోవాలి. అంటే కోతల నాడు రైతుకు చెల్లించిన సొమ్ము నెలల తరబడి గోదాములోనే ఉంటుంది, దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. 2020 నాటి కేంద్ర పథకం కింద రైతు ఉత్పత్తిదారుల సంఘానికి నిర్వహణ ఖర్చులకు మూడేళ్లకు గరిష్ఠంగా 18 లక్షలు అందుతాయి. నాలుగో ఏడు నుంచి మేనేజరు జీతం కూడా ఈ వ్యాపారంలోంచే రావాలి.

బజారుసంచి:
ఆ భారమంతా సంఘమే ఎందుకు మోయాలి? 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లలో రైతు మార్కెట్ రుసుము కట్టడు. స్థలం, సిబ్బంది ఖర్చు ప్రభుత్వ యంత్రాంగానిది. రైతుల పేరుతో వ్యాపారులు చొరబడుతున్నారన్న ఫిర్యాదు ఉన్నదే, అయినా ఆ ఏర్పాటు పాతికేళ్లు దాటి నడుస్తోంది. చిరుధాన్యాల సంఘాలకూ గోదాము, మర ప్రభుత్వమే సమకూర్చాలి.

లెక్కలపద్దు:
గోదాము ఇచ్చినా చేతిలో ఆడే పెట్టుబడి సమస్య తీరదు. రైతులే సభ్యులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీలకు కంపెనీల చట్టంలోనే ఒక దారి ఉంది: పంట తీసుకున్నప్పుడు బోర్డు నిర్ణయించిన మొత్తం ఇచ్చి, మిగిలిన ధరను తరువాత చెల్లించవచ్చు. బజారు ధర కాటా దగ్గరే ఇచ్చి, అదనపు ధరను లెక్కలు ముగిశాక పంచితే రైతూ, సంఘమూ ఇద్దరూ నిలబడతారు.

మెట్టసేద్యం:
సొంత భూమి ఉన్నవారికి అది సరిపోవచ్చు. కౌలు రైతు మాత్రం కోతల్లోనే కౌలు కట్టాలి, అప్పిచ్చిన వ్యాపారికి సర్దాలి. పైగా వచ్చే ఏడాది ఆ చేను అతడి చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు. దళారి ఒక రూపాయి తక్కువకైనా చేతిలో డబ్బు పెడితే పంట అటే పోతుంది. కనుక ధరలో కొంత ఆపడమే తప్పదంటే, కౌలుదారులకు మినహాయింపు ఇవ్వండి. ఆ మేరకు తగ్గే పెట్టుబడిని భూమి ఉన్న సభ్యుల వాటాధనం పెంచి రాబట్టండి. దానికి సర్వసభ్య సమావేశం ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి; ఒప్పుకోని సంఘాలే ఎక్కువ ఉంటాయని నా అనుమానం.