రెండు గూస్ బాతులు ఒకే గూట్లో పొదుగుతున్నాయి, విడదీయొచ్చా?

మాది దేవరకొండ దగ్గర పల్లె. పాములొస్తే అరుస్తాయని బత్తాయి తోటలో గూస్ బాతులు పెంచుతున్నాం. ఈసారి రెండు ఆడవి ఒకే గూట్లో పొదగడానికి కూర్చున్నాయి. ఒకటి కదిలితే ఇంకోటి గుడ్లన్నీ తన కిందికి లాక్కుంటోంది. ఆ పెనుగులాటలో ఒక గుడ్డు వరిగడ్డి దాటి దొర్లి, మట్టిలో చల్లబడిపోయింది. దగ్గరికి పోతే మగది మెడ చాచి బుసకొడుతూ మీదికొస్తోంది.

రాత్రి గుడ్లకు సెల్ టార్చ్ పెట్టి చూస్తే కొన్నింట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి, అంటే లోపల పిల్ల పెరుగుతోంది. వాటిని పోగొట్టుకోవాలని లేదు. పిల్లలు రావడానికి 28 నుంచి 32 రోజులు పడుతుంది కదా, మధ్యలో ఒకదాన్ని వేరే గూటికి మారిస్తే మళ్లీ కూర్చుంటుందా, పొదగడమే మానేస్తుందా? చీకటి పడ్డాక మార్చడం మేలా? నాటుకోడి కింద పెడదామంటే ఇంత పెద్ద గుడ్లను అది తిప్పలేదు, రోజూ మనమే తిప్పాలి. నాలుగైదుకు మించి కప్పలేదు కూడా.

ఇంకో టెన్షన్ ఎండలు. మార్చి దాటితే మా రేకుల షెడ్డు మండిపోతుంది. బాతు లేచినప్పుడు మునగడానికి నీళ్ల తొట్టి పెట్టాను. తడి ఈకలతో వచ్చి కూర్చుంటే గుడ్లకు ఆ తేమ చాలా, పైన నీళ్లు కూడా చల్లాలా? మన నల్గొండ, పాలమూరు వైపు ఎండల్లో గూస్ పిల్లలు తీయించినవాళ్లుంటే దయచేసి చెప్పండి.