ఫిజియో అనగానే గోడవైపు తిరిగి పడుకునే పక్షవాతం పెద్దాయన: మొండితనమా, డిప్రెషనా?

హోమ్‌ఫిజియో_తణుకు

సీనియర్లకు నమస్కారం. 72 ఏళ్ల పెద్దాయన, పక్షవాతం వచ్చి నాలుగు నెలలు. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడ్డాయి, మాట బాగానే ఉంది. రెండో నెల చివరికి ఒకరు పక్కనుంటే కుర్చీలోంచి లేచి పదడుగులు వేసేవారు. మూడు వారాలుగా మంచం దిగట్లేదు. "ఇంక నన్నొదిలెయ్యమ్మా" అంటారు. తిండి తగ్గింది, తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. వాడే మందులు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, బీపీకి టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన మాత్ర. కొడుకేమో "మొండితనం, గట్టిగా చెప్పి చేయించండి" అంటున్నారు. చేయించబోతే ఎడమ చెయ్యి బిగబట్టేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

న్యూరోఫిజియో_గుంటూరు

ముందు బలవంతం ఆపండి. బిగబట్టిన చేతిని లాగితే భుజం దెబ్బతింటుంది. ఆ తర్వాత మీరు గుమ్మంలో కనిపిస్తే చాలు, ఆయనకు నొప్పే గుర్తొస్తుంది.

"చెయ్యను" అనడం వెనక సాధారణంగా ఒకటి కాదు, మూడు నాలుగు కారణాలు ఉంటాయి. డిప్రెషన్ వాటిలో ఒకటి. మిగతావి మీరే తేల్చాలి.

భుజం: కూర్చోబెట్టి, భుజం కొన ఎముక కింద వేలు పెట్టి చూడండి. వేలు దిగేంత సందుంటే కీలు జారింది. ఇంట్లోవాళ్లు ఆయన్ని మంచం మీద నుంచి ఎలా లేపుతున్నారో ఒకసారి పక్కన నిలబడి గమనించండి. పడిన చెయ్యి పట్టి లాగడమో, చంకలో చెయ్యి వేసి ఎత్తడమో చేస్తుంటారు. నొప్పికి మూలం చాలాసార్లు అదే. కూర్చున్నప్పుడు మోచేతి దాకా ఒళ్లో దిండు, వెల్లకిలా పడుకున్నప్పుడు భుజం వెనక రెక్క కింద పలచటి దిండు పెట్టించండి. చేతిని మీరు ఎత్తేటప్పుడు భుజం ఎత్తు దాటొద్దు. పైకప్పుకు కట్టే కప్పీ తాడు ఉంటే తీసేయించండి.

బీపీ: ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, ఆయనకు లేవగానే కళ్లు తిరుగుతుండొచ్చు. నిలబడలేకపోతే కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి చూడండి. కళ్లు తిరిగే మనిషి మంచం దిగనంటే అది భయం, అందులో న్యాయం ఉంది.

ఇంకోటి. ఎడమ వైపు పడిందంటే దెబ్బ సాధారణంగా కుడి మెదడులో. వీళ్లలో కొందరు ఎడమ పక్కనున్న మనిషినీ, కంచంలో ఎడమ సగాన్నీ పట్టించుకోరు. గొంతులో ఎత్తుపల్లాలు పోయి మాట చప్పగా వస్తుంది, మొహంలో భావం కనపడదు. చూసేవాళ్లకు దిగులుగా అనిపిస్తుంది గానీ లోపల దిగులు ఉండకపోవచ్చు. తిండి సగమే తింటున్నారంటే ముందు కంచం తిప్పి పెట్టి చూడండి.

మనోవైద్యం_వరంగల్

మొహాన్ని నమ్మొద్దన్న మాట నిజం. కానీ తెల్లారుజామున మెలకువ, తిండి తగ్గడం, "వదిలెయ్యి" అనడం మూడూ కలిశాయంటే డిప్రెషన్ వైపే మొగ్గు. పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది.

మాట ఉంది కాబట్టి పీహెచ్‌క్యూ-2, అంటే డిప్రెషన్‌ను పసిగట్టే రెండు ప్రశ్నలు, మీరే అడగొచ్చు. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు, దిగులుగా ఆశ లేనట్టు ఉండటం ఎన్ని రోజులు. ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చూపించాలి. ఇంట్లోవాళ్ల ముందు అడగకండి, "బాగానే ఉన్నా"నంటారు.

రెండు తికమకలు. మనవరాలు వచ్చినా, క్రికెట్ పెట్టినా ఏమీ పట్టనట్టుండి, బాధ కూడా లేకపోతే అది నిరాసక్తత. దానికి డిప్రెషన్ మాత్రలు పెద్దగా పనిచేయవు, గడియారం ప్రకారం చేయించే దినచర్య పనిచేస్తుంది. ఉన్నట్టుండి ఏడుపు తన్నుకొచ్చి, మాట మార్చగానే ఆగిపోతే అది భావోద్వేగం మీద పట్టు తప్పడం.

మందు మొదలుపెట్టే ముందు సోడియం, థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 చూడాలి. ఈయన విషయంలో సోడియం ముఖ్యం. థయజైడ్ ఉన్న బీపీ మాత్ర ఈ వయసులో సోడియం తగ్గిస్తుంది, అది తగ్గితే నీరసం, మందకొడితనం. దాని మీద సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందు ఇస్తే ఇంకా పడిపోవచ్చు. క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు కూడా కొంత పెరుగుతుంది. బీపీ మాత్ర మార్చాలా, సోడియం మళ్లీ ఎప్పుడు చూడాలి అన్నది డాక్టరు తేలుస్తారు, మీరు ఆపించకండి. మందు పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని ఇంట్లో ముందే చెప్పండి. లేకపోతే పదోరోజున మానేస్తారు.

"ఫ్లుయోక్సెటిన్ వాడితే కాలు త్వరగా వస్తుందట" అని ఎవరో ఒకరు అంటారు. అదీ డిప్రెషన్ మందే. 2018లో ఫోకస్, 2020లో అఫినిటీ, ఎఫెక్ట్స్ అనే అధ్యయనాలు మూడూ పక్షవాతం వచ్చినవాళ్లకు దీన్ని రోజుకు 20 మి.గ్రా. చొప్పున ఆరు నెలలిచ్చి చూశాయి. కదలికలో లాభం కనిపించలేదు, ఎముకలు విరగడం పెరిగింది. డిప్రెషన్ ఉంటేనే మందు.

ఓటీ_హైదరాబాద్

దొడ్డికి, ఒంటేలుకు ఎలా వెళుతున్నారో ఎవరూ అడగలేదు. కోడలు పక్కన నిలబడాల్సి వస్తే ఈ వయసు మగవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, బీపీ పడిపోవడం. పైన చెప్పినవన్నీ ఇక్కడ నుంచే మొదలుకావచ్చు. మంచానికి ఆయన కుడిచేతి వైపున కమోడ్ కుర్చీ, అడ్డంగా ఒక తెర, రాత్రికి యూరిన్ బాటిల్, పంచెకు బదులు నడుముకు ఎలాస్టిక్ ఉన్న లాగు. హవాయి చెప్పులు వద్దు, పడిన కాలి నుంచి జారిపోతాయి. వెనక పట్టీ ఉన్నవి కొనాలి.

హోమ్‌ఫిజియో_తణుకు

సందు ఉంది, ఒక వేలు దిగింది. నీళ్లు రోజుకు రెండు గ్లాసులేనట. పీహెచ్‌క్యూ-2లో 5 వచ్చింది. అడుగుతుండగా "పోతే బాగుండు" అన్నారు. దీనికి ఏమనాలి?

మనోవైద్యం_వరంగల్

"అలా అనకండి" అని మూసేయకండి. "చనిపోవాలని ఆలోచన వస్తోందా? ఎలా అని అనుకున్నారా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. "దేవుడు తీసుకెళ్తే బాగుండు" వరకే ఉంటే ఈ వారంలోనే డాక్టరుకు చూపించాలి. ఎలా అన్నది చెప్పారంటే ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే ఆసుపత్రికి. ఏదైనా సరే మాత్రల డబ్బా, పొలం ఇల్లయితే పురుగుమందు, తాళంలోకి వెళ్లాలి. ఈ సంగతి కొడుకుకు చెప్తానని ఆయనతో కూడా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

న్యూరోఫిజియో_గుంటూరు

ఈ రెండు వారాలూ 45 నిమిషాల సెషన్ మర్చిపోండి. పొద్దున పది, సాయంత్రం పది నిమిషాలు చాలు. టిఫినయ్యాక ముప్పావుగంట ఆగండి. "చేద్దామా" అని అడిగితే "వద్దు" అంటారు. "ముందు నిలబడదామా, కిటికీ దగ్గర కూర్చుందామా" అని అడగండి.

పని ఒకటే: కూర్చుని లేవడం. కూర్చునే ఎత్తు 55 సెం.మీ. దగ్గర మొదలుపెట్టండి. చేతులున్న చెక్క కుర్చీ కాళ్ల కింద కదలని చెక్క దిమ్మలు వేయండి, కుర్చీ వీపు గోడకు ఆనించండి. నవారు మంచం కుంగుతుంది, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. పిర్రలు ముందుకు జరిపి, మడమలు మోకాళ్ల కంటే నాలుగంగుళాలు వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్లు దాటేలా వంగాక లేవాలి. ఎదుట నిలబడి చేతులు పట్టి లాగితే బరువు వెనక్కే ఉండిపోతుంది, కూలబడతారు. మీరు ఎడమ పక్కన ఉండి, ఒక చెయ్యి నడుం బెల్టు మీద, ఒకటి మోకాలి ముందు. ఐదుసార్లు, రెండు నిమిషాలు విశ్రాంతి, మళ్లీ ఐదు. మూడు రోజులు వరసగా తేలిగ్గా లేస్తే దిమ్మ మార్చి రెండు సెం.మీ. దించండి. ఎంత ఎత్తు నుంచి ఎన్నిసార్లు లేచారో గోడ క్యాలెండర్ మీద ఆయన కుడిచేత్తోనే రాయించండి. అంకె తగ్గిన రోజు కొడుకు ఏమీ అనకూడదని ముందే మాట తీసుకోండి.